కిటికీ వైపు కాళ్ళు

నవంబరు 23, ఆదివారం

డంకన్ అన్నయ్య మంచం ముందు గదిలోకి మార్చాం, నేనూ వాటీ కలిసి. గుర్రాలకు లాడాలు కొట్టే మనిషి కాబట్టి వాటీ తన కొసను అవలీలగా ఎత్తాడు. రెండో కొస నా నడుం విరగ్గొట్టింది. వెనక గదిలో పొయ్యి ఉంది, అక్కడైతే వెచ్చగా ఉంటావని ఎంత చెప్పినా అన్నయ్య వినలేదు. ముందు గదికి కిటికీ ఉంది, కిటికీలోంచి వాకిలి కనబడుతుంది, వాకిట్లోంచి ఫ్లోరా రోజూ పొలానికి పోతుంది. అదీ సంగతి. తుంటి విరిగి ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి వెచ్చదనం అక్కర్లేదు, గుర్రం కావాలి.

రెండు వారాలని చెప్పి ఓడ దిగాను. ఆర్క్నీ దీవులకు వెళ్ళే స్టీమరులో వంటమనిషికి రెండు వారాలు సెలవు దొరకడమే గొప్ప. అందులో ఒకటి అయిపోయింది.

నవంబరు 25

తెల్లవారకముందు నుంచీ వాన. వాకిలంతా రొచ్చు. ఫ్లోరాను పొలానికి తీసుకెళుతుంటే కిటికీ అద్దం మీద చేతికర్ర టకటకలాడింది. లోపలికి వెళ్ళాను.

"ఒసే ఇష్, అది ఫ్లోరానా, బొగ్గుల బస్తానా? కాళ్ళేవే దానికి?"

"ఉన్నాయి. బురదలో."

"ఇక్కణ్ణుంచి దాని వాసన తగలదు నాకు. చేత్తో తడమలేను. ఆ తెలుపొక్కటే మిగిలింది. కాస్త కడిగి తీసుకెళ్ళవే."

"చలికాలం కాళ్ళు కడక్కూడదు, బురద ఎండనివ్వాలి, ఎండాక దులపాలి అని చిన్నప్పట్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు? నేనా?"

"నేనే చెప్పా. ఇప్పుడు ఇదీ నేనే చెబుతున్నా."

కడిగాను. ఈ జాతి గుర్రానికి మోకాలి కింద నుంచి గిట్ట దాకా తెల్లటి కుచ్చులు వేలాడతాయి. పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు చూసేది వాటినే. ఒక్కో కుచ్చు నా జడంత ఒత్తు, నా జడ కంటే మెత్తన. కడిగితే నీళ్ళు తాగుతాయి, తాగిన నీళ్ళు ఒక పట్టాన వదలవు. చేతులు కొంకర్లు పోయాయి.

కానీ కిటికీ ముందు నుంచి నడిపించినప్పుడు అన్నయ్య మొహం చూశాను. సరే, పోనీ, రెండు వారాల భాగ్యానికి.

నవంబరు 26

కడిగాను.

నవంబరు 27

కడిగాను. పొద్దున ఫ్లోరా కాళ్ళు, సాయంత్రం అన్నయ్య కాళ్ళు. ఫ్లోరా తన్నదు, సణగదు. రెండో ఆయన రెండూ చేస్తాడు.

డిసెంబరు 1

హాల్లో ఫోను దగ్గర నిలబడి స్టీమరు ఆఫీసులో లీస్క్ గారితో మాట్లాడాను. నన్ను పనిలో పెట్టుకున్నది ఆయనే. "క్రిస్మస్ దాకా చూస్తానమ్మా ఇష్బెల్. ఆ తరవాత నా చేతుల్లో ఉండదు" అన్నారు. థాంక్స్ చెప్పాను.

అన్నయ్య అంతా విన్నాడు. సూపు తాగుతూ, "ఆ ఓడలో ఏముందే? ఇక్కడే ఉండరాదూ?" అన్నాడు.

అక్కడ నాకంటూ ఒక తలుపుంది అన్నయ్యా, లోపల నుంచి గడియ పెట్టుకునే తలుపు. ఈ మాట పైకి అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

డిసెంబరు 6

ఫ్లోరా నిలబడ్డచోట ఊరికే కాళ్ళు నేలకేసి కొడుతోంది. ఈ చలికి ఈగలు కూడా లేవు. విసుగేమో. నాకూ విసుగ్గానే ఉంది, నేనేమన్నా కాళ్ళు కొడుతున్నానా?

డిసెంబరు 9

విసుగు కాదు. మడమ వెనక కుచ్చులు పాయ తీసి వేళ్ళు లోపలికి పోనిచ్చాను. చర్మం మీద గరుకుగా, ఆరిన అన్నం మెతుకుల్లా తగిలాయి. ఒకటి గిల్లితే వెంట్రుకలతో సహా ఊడొచ్చింది, కింద చీము. పైన మాత్రం పాలనురుగులాంటి తెలుపు. పైన పటారం, లోన లొటారం.

అన్నయ్యకు చెప్పాను. కంగారుపడలేదు. "బురద పుండ్లే. గంధకం కలిపిన నూనె డబ్బా అటక మీద ఉంది. పట్టించు, పోతుంది. నాన్నా అదే చేశాడు, నేనూ అదే."

పట్టించాను. పచ్చగా, కుళ్ళిన గుడ్ల కంపు. చేతులకంటిన పసుపు సబ్బుకు కూడా లొంగలేదు.

డిసెంబరు 10

కడిగాను. నూనె రాశాను.

డిసెంబరు 15

తగ్గకపోగా పాకింది. గెడిస్ డాక్టరమ్మను పిలిపించాను. ఆవిడ ఈ చుట్టుపక్కల పశువులన్నిటికీ డాక్టరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం పెద్దది. అన్నయ్యకు వినబడుతుందేమోనని గుర్రపుసాల తలుపు మూశాను.

"ఇది కడుగుతున్నారా రోజూ?"

"అవును."

"తడి ఆరకుండానే నూనె రాస్తున్నారా?"

"అవును."

"అయితే ఇంకేం, తడి లోపల పెట్టి పైన మూత వేశారన్నమాట. డంకన్ లాంటి మనిషి ఉన్న ఇంట్లో ఎవరమ్మా నీకీ బుద్ధి చెప్పింది?"

"నాకే తోచింది డాక్టరమ్మా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. మంచంలో ఉన్న మనిషి పరువు బజార్లో పెట్టబుద్ధి కాలేదు.

"నాలుగు కాళ్ళకూ బొచ్చు మొదలంటా తీసెయ్. గాలి తగలాలి. మందు చర్మానికి చేరాలి. పొడిచోట కట్టెయ్. లేకపోతే ఈ పుండ్లలోంచి విషం పైకెక్కుతుంది. అప్పుడు నన్ను పిలిచి లాభం లేదు. ఇంత గుర్రం కాలు వాచి పడుకుందంటే మళ్ళీ లేవదు."

ఆవిడ వెళ్ళాక లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కత్తెరా?" అన్నాడు అన్నయ్య. అంతసేపూ నన్ను చూస్తున్నవాడు కిటికీ వైపు తిరిగాడు. "వాళ్ళమ్మకు పెట్టలేదు, అమ్మమ్మకు పెట్టలేదు. జూలైలో హైలాండ్ గుర్రాల పోటీ. కుచ్చులు మళ్ళీ పెరగడానికి ఏడాది పైనే పడుతుంది. నాకు ఇంకో జూలై ఉందో లేదో నువ్వు చెప్పగలవా?"

"జూలై దాకా అదుంటుందో లేదో చెప్పు ముందు."

"ఆ డాక్టరమ్మకు గొర్రెలు తెలుసు. గుర్రాలు నాకు తెలుసు. ఫ్లోరాకు కత్తెర తగిలిన రోజు నేను ఈ మంచం దిగను ఇంక. రాసి పెట్టుకో."

సూపు తాగలేదు. గిన్నె అలాగే తిరిగొచ్చింది. రాసి పెట్టుకోమన్నాడు కాబట్టి రాసి పెట్టుకున్నాను.

డిసెంబరు 17

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిన్న కూడా ఒక్క ముద్ద తినలేదు. ఇవాళ కాస్త ఓట్స్ జావ తాగాడు, అదీ ఫ్లోరాను కడిగి కిటికీ ముందు నిలబెట్టాక.

డిసెంబరు 18

ఒక ఆలోచన వచ్చింది. మంచిదో చెడ్డదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

సాల నుంచి పొలం గేటుకు పోయేటప్పుడు ఇల్లు ఎడమచేతి వైపు ఉంటుంది. అంటే అన్నయ్యకు కనబడేవి ఎడమకాళ్ళు. తిరిగొచ్చేటప్పుడే కుడికాళ్ళు కనబడతాయి. తిరిగి రావడం వాకిట్లోంచే రావాలని ఎక్కడా లేదు. గడ్డి కొట్టం వెనక నుంచి, టర్నిప్ చేను పక్క దారిన చుట్టి రావచ్చు.

మధ్యాహ్నం అన్నయ్య కునుకు తీస్తుండగా కుడికాళ్ళు రెండూ గొరిగేశాను. ముందు కత్తెర, తరవాత బొచ్చు గొరిగే మిషను. ఫ్లోరా చెవులు వెనక్కి పెట్టి నిలబడింది, కదల్లేదు. కింద చర్మం ఎర్రగా, పక్కులు కట్టి, చూడలేకపోయాను. డాక్టరమ్మ ఇచ్చిన మందు రాశాను, అదీ గంధకపు పసుపే, గాలికి వదిలాను. ఊడిన బొచ్చు ఓట్స్ వచ్చిన గోనెసంచిలో కుక్కి, గడ్డి వెనక దాచాను. సంచి నిండిపోయింది.

ఎడమకాళ్ళను మాత్రం ఇంక కడగను. తడిగుడ్డతో పైపైన తుడుస్తాను.

డిసెంబరు 19

నేను పొడుగు కోటు వేసుకుని ఫ్లోరాకు కుడిపక్కన, ముందుకాలికి అడ్డంగా నడిచాను. వెనక కుడికాలు ఎడమ కుచ్చుల చాటున అంతగా తేలలేదు. టకటకమని కర్ర.

"గుర్రానికి ఏ పక్కన నడవాలో కూడా మర్చిపోయావే? ఓడలో చేపలతో నడిచావా ఇన్నాళ్ళూ?"

"నీకు కనబడాలనే అటు నడిచా."

"ఆఁ, అదీ నిజమే" అన్నాడు. సంతోషించాడు కూడా.

నేను చెప్పినది అబద్ధం కాదు. కుచ్చులు ఏమయ్యాయని అడిగితే చెబుతాను. అడగలేదు.

డిసెంబరు 25

లీస్క్ గారికి మళ్ళీ ఫోను, పండగని ఇంటికి. జనవరి నెలాఖరు దాకా గడువిచ్చారు. "అదే ఆఖరు ఇష్బెల్. స్ట్రామ్‌నెస్ ఊరి కుర్రాడొకడు నీ పని అడుగుతున్నాడు" అన్నారు.

కుడికాళ్ళు ఆరుతున్నాయి. పక్కులు వాటంతటవే రాలుతున్నాయి, కింద కొత్త చర్మం. ఎంత సంతోషంగా ఉందో! ఎడమవి అలాగే ఉన్నాయి.

అలాగే లేవు. ఇంకాస్త పాకాయి.

డిసెంబరు 29

అన్నయ్య: "పోయేటప్పుడు చూస్తున్నా గానీ, అది వచ్చేటప్పుడు ఎప్పుడూ కనబడదేం?"

నేను: "నువ్వు గురకపెడుతుంటావుగా."

జనవరి 1

కొత్త సంవత్సరం. ఇక్కడి ఆచారం తప్పకుండా ఏడాదిలో మొదటి అతిథిగా వాటీ గడపలో అడుగు పెట్టాడు, చేతిలో బొగ్గుముక్క, జేబులో సీసా. అన్నయ్యతో రెండు గుక్కలు తాగి, గిట్టలు చూస్తానని నాతో సాలలోకి వచ్చాడు. ఫ్లోరాను చూసి గోడకు ఆనుకుని నవ్వాడు.

"ఇదేంటి ఇష్? సగం గుండు, సగం జడ. పెళ్ళి మధ్యలో మంగలి పారిపోయినట్టుంది."

"నవ్వకు. వినబడుతుంది."

"చెప్పెయ్. ఆయన అరుస్తాడు, నువ్వు వింటావు, అయిపోతుంది."

"తిండి మానేస్తాడు వాటీ. మంచం దిగనన్నాడు."

నవ్వు ఆపేశాడు. వంగి ఎడమ వెనక కాలు ఎత్తి చాలాసేపు చూశాడు. "దీన్ని ఏ దారిన తిప్పి తెస్తున్నావు?"

"టర్నిప్ చేను పక్కన."

"అక్కడ నా మోకాళ్ళ దాకా బురద. మొన్న ట్రాక్టరు దిగబడింది. వాకిట్లో రాళ్ళ పరుపుంది, అక్కడ నడిపించరాదూ? నీ అబద్ధం దీన్ని ఎక్కడి నుంచి నడిపిస్తోందో చూసుకున్నావా?"

కోపం వచ్చింది. పండగపూట వచ్చి నీతులు చెప్పమని ఎవరడిగారు? ఎద్దు పుండు కాకికి నొప్పా. టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

జనవరి 2

టర్నిప్ చేను పక్కనుంచే తెచ్చాను. గట్టు మీదుగా, బురద తక్కువున్న చోట చూసి.

జనవరి 3

గట్టు తెగింది.

జనవరి 8

నర్సమ్మ వచ్చింది. ఎముక అతుక్కుందట, ఇంక నాలుగు కాళ్ళ కర్రచట్రం పట్టుకుని నడవాలట. చట్రం మంచం పక్కనే పెట్టింది. అన్నయ్య దాని మీద ప్యాంటు ఆరేశాడు.

"కాలు ఆనడం లేదమ్మా" అన్నాడు ఆవిడతో, చావు కబురు చెబుతున్న గొంతుతో.

"ఎముకలో లోపం లేదు డంకన్ గారూ. మనసు పెట్టాలి."

"మనసు ఆ కిటికీ బయటుంది."

గుమ్మం దాకా వెళ్ళి నర్సమ్మ నాతో గుసగుసగా, "మీరు ఉన్నంతకాలం ఈయన లేవడు" అంది. అంటే నన్ను వెళ్ళిపొమ్మంటోందా? గుర్రాన్ని ఈ స్థితిలో వదిలేసా? ఇంకా నయం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో టర్నిప్ చేను.

జనవరి 14

వాన.

జనవరి 15

వాన. ఎడమకాళ్ళకు పాయలు పాయలుగా తీసి మందు అద్దుతున్నాను. ఒక పాయ ఆరేలోగా ఇంకోటి నానుతుంది. తువ్వాలు చాలదు, రోజు చాలదు. అన్నయ్య బాగా తింటున్నాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి. "గంధకం వాసన వస్తోందేం గదిలో?" అన్నాను. "నీ చేతులే" అన్నాడు.

జనవరి 19

సరుకుల బండి రోడ్డు చివరికి వస్తుంది, వెళ్ళి రొట్టె, పంచదార తెచ్చుకున్నాను. తిరిగొచ్చి దుప్పట్లు మారుస్తుంటే అంచు మీద గంధకం పసుపు. నా చేతులదే అయ్యుంటుంది. నేను దుప్పటి అటువైపు పట్టుకోను గానీ, అయ్యుంటుంది.

అన్నయ్య చెప్పులు తడిగా ఉన్నాయి. పైకప్పు కారుతోందేమో చూడాలి.

జనవరి 22

ఉన్న దారి ఒకటే, మిగతా రెండు కాళ్ళూ గొరిగెయ్యాలి. రేపు చెబుతాను. జనవరి నెలాఖరుకు ఇంకా టైముంది.

జనవరి 23

రేపు చెబుతాను. ఇవాళ ఆయన తలనొప్పి అన్నాడు.

జనవరి 24, శనివారం

పొద్దున సాల తలుపు తీస్తే ఫ్లోరా తల తిప్పలేదు. ఎడమ వెనక కాలు తొడ దాకా వాచి, పాల క్యానులా ఉంది. చెయ్యి పెడితే కాలిపోతోంది. గడ్డి ముట్టలేదు. ఒళ్ళంతా చెమట.

గెడిస్ డాక్టరమ్మ ఒక గంటలో వచ్చింది. జ్వరం చూసింది, ఇంజెక్షన్లు పొడిచింది. కుడికాళ్ళు చూసింది, ఎడమకాళ్ళు చూసింది, తరవాత నన్ను చూసింది. అరిచి ఉంటే బాగుండేది.

"ఈ రెండు కాళ్ళ బొచ్చు ఇప్పుడే తీసెయ్. సోమవారం వస్తా. అప్పటికి వాపు దిగిందా, సరే. దిగకపోతే తుపాకి తెచ్చుకుని వస్తానమ్మా. డంకన్‌కి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతా."

ఆవిడ కారు వెళ్ళాక కాసేపు పంపు కింద చేతులు పెట్టి నిలబడ్డాను. తరవాత ముందు గదిలోకి వెళ్ళాను, ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ.

మంచం ఖాళీగా ఉంది. ప్యాంటు లేదు. చట్రం లేదు.

మొదట పడిపోయాడనుకున్నాను. మంచం కింద కూడా చూశాను, నా బుద్ధి అలా ఉంది. తరవాత వెనక తలుపు తెరిచి ఉండడం కనబడింది. రాళ్ళ మీద చట్రం కాళ్ళ గుర్తులు, కొట్టం గోడ వెంబడే సాల వెనక గుమ్మం దాకా. ఒక్కరోజు గుర్తులు కావు అవి. దారి పడి ఉంది.

అన్నయ్య ఫ్లోరా పక్కన నిలబడి ఉన్నాడు. తన కాళ్ళ మీదే. ఒక చెయ్యి చట్రం మీద, రెండో చెయ్యి దాని మెడ మీద. డాక్టరమ్మ మాటలన్నీ వినే ఉంటాడు, ఆవిడ గొంతు అలాంటిది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"కొత్త సంవత్సరం మర్నాటి నుంచి. సరుకుల బండికి నువ్వు వెళ్ళినప్పుడల్లా."

"కర్రచట్రం వచ్చింది ఆ తరవాత కదా?"

"మొదట గోడ పట్టుకుని వచ్చా."

"అయితే కుడికాళ్ళ సంగతి..."

"మొదటి రోజే చేతికి తగిలింది. కుచ్చు ఉండాల్సిన చోట చెయ్యి పెడితే లేదు. నిన్ను నరికేద్దామన్నంత కోపం వచ్చింది. తరవాత కింద చర్మం తడిమా. ఆరింది. నున్నగా ఉంది. నువ్వు చేసిందే సరైనదని ఆరోజే తెలిసింది నాకు."

"తెలిస్తే చెప్పవేం మరి? ఆ రెండూ కూడా తియ్యమనవేం?"

"ఎలా చెప్పను? చెబితే నేను నడిచొచ్చానని నీకు తెలిసిపోదూ? నడుస్తున్నానని తెలిస్తే ఓడెక్కేస్తావు." ఫ్లోరా మెడ మీద నుదురు ఆనించాడు. "నువ్వు రెండు కాళ్ళు దాచావు. నేనూ రెండు కాళ్ళు దాచా. అంతేనే."

"మధ్యలో దీని రెండు కాళ్ళు పోయాయి."

ఆ మాట నేనే అన్నాను. ఫ్లోరా ఊపిరి వినబడుతోంది, గరగరమంటూ.

ముసలాడి మీద జాలి కలగలేదు నాకు. చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. మూడు వారాలు! మూడు వారాలు నేను ఆ బురదలో దీన్ని ఈడ్చుకొచ్చాను, ఆయన కిటికీలో కూర్చుని చూశాడు. తరవాత అనిపించింది, కిటికీలో కూర్చుని చూసింది ఆయన, ఈడ్చుకొచ్చింది నేను. ఏ కాలు ఎవరి లెక్కలో వెయ్యాలి?

"తే ఆ మిషను" అన్నాడు.

"నువ్వా?"

"నేను పెంచిన కుచ్చులు. నేనే తీస్తా."

బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాను. కళ్ళెం నేను పట్టుకున్నాను. ఆయన మోకాలి కింద నుంచి గిట్ట దాకా ఒకే గీతలో లాగాడు. తెల్లటి కుచ్చు ముద్దగా, తడిగా ఆయన ఒళ్ళో పడింది. కింద చర్మం బయటపడ్డప్పుడు మిషను ఆగిపోయింది. పచ్చిగా ఉంది, చీము కారుతూ. ఆయన దాన్ని చూస్తూ ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. నాకు అప్పుడు జాలి కలిగింది. దాని మీద, ఆయన మీద, నా మీద కూడా.

మళ్ళీ మిషను నడిచింది.

జనవరి 25

జ్వరం తగ్గలేదు. ఇద్దరం సాలలోనే ఉన్నాం. అన్నయ్య కుర్చీ అక్కడే వేశాను. వాటీ రంపపు మిల్లు నుంచి పొడి పొట్టు నాలుగు బస్తాలు తెచ్చాడు, నేల మీద మందంగా పరిచాడు. కొత్త సంవత్సరం నాడు ఇవ్వని టీ ఇవాళ ఇచ్చాను.

జనవరి 26

డాక్టరమ్మ వచ్చింది. తుపాకి కారులోనే ఉంచింది. వాపు వేలెడు దిగిందట. "బుధవారం చూద్దాం" అంది.

జనవరి 27

గడ్డి తిన్నది.

జనవరి 28

వాపు ఇంకా దిగింది. బతుకుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ కాలు మాత్రం ఎప్పటికీ రెండో దానికంటే లావుగానే ఉంటుందట. పోటీలు ఇంక లేవు, ఈ జూలై కాదు, ఏ జూలై కాదు. అన్నయ్య తల ఊపి, "దానికి పోటీల గొడవెప్పుడూ లేదు. గొడవంతా నాదే" అన్నాడు.

జనవరి 30

లీస్క్ గారికి ఫోను చేశాను. నా ఉద్యోగం స్ట్రామ్‌నెస్ కుర్రాడికి ఇచ్చేశారు. "నువ్వు మళ్ళీ గడువు అడగడానికే ఫోను చేస్తావనుకున్నానమ్మా." వంటమనిషి కింద సహాయకురాలు కావాలట, దుంపలు ఒలవడానికి, గిన్నెలు తోమడానికి. ఇరవయ్యేళ్ళ క్రితం నేను మొదలుపెట్టిన చోటే. వస్తానన్నాను.

హాల్లోంచి అన్నయ్య గదిలోకి చూశాను. విననట్టు నటిస్తున్నాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఏమంటావు?"

చట్రం మీద ఆరేసిన ప్యాంటు తీసి పక్కన వేసి, దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "రొట్టె కొనుక్కోవడం నేర్చుకోవాలంటాను. ఆ బండివాడు వాసన చూసి పారిపోతాడేమో."

ఫిబ్రవరి 2, సోమవారం

బస్సుకు ముందు ఫ్లోరాను నేనే బయటికి తీసుకెళ్ళాను. గేటు దాకా వెళ్ళాం, రాళ్ళ పరుపు మీదే తిరిగొచ్చాం. డిసెంబరు తరవాత అది వాకిట్లోంచి తిరిగి రావడం ఇదే మొదలు. కిటికీలో ఎవరూ లేరు. అన్నయ్య సాల గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాలుగు కాళ్ళూ బోడిగా, గులాబీరంగులో, ఈకలు పీకిన కోడిలా ఉంది.

"అసహ్యంగా ఉందే."

"ఉంది."

"మళ్ళీ పెరుగుతాయిలే."

"ఏడాది పైనే అన్నావు."

"అప్పటికి చూడ్డానికి వస్తావా?"

"వస్తా. కాళ్ళు కడగమంటే మాత్రం గేటు దగ్గర్నుంచే తిరిగి పోతా."

పలుపు ఆయన చేతికిచ్చాను. ఫ్లోరా ఆయన అడుగుకు అడుగు వేసింది. ఇద్దరూ కుంటుతున్నారు, ఒకే వైపు. వెనక్కి తిరిగి చూడకుండా సంచి తీసుకుని రోడ్డు చివరికి నడిచాను. చూస్తే ఆగిపోతానని తెలుసు.

ఫిబ్రవరి 4, ఓడలో

కుర్రాడు మంచివాడే. ఉప్పు ఎక్కువేస్తాడు. చెబుదామనుకుని ఊరుకున్నాను, ఇప్పుడు వంట అతనిది. రెండు బస్తాల దుంపలు ఒలిచాను. బొటనవేలి గోటి కింద గంధకం పసుపు ఇంకా అలాగే ఉంది.

నా గదికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను. ఇవాళ ఎవరి కాళ్ళూ కడగలేదు. చేతులకు ఏం చెయ్యాలో తోచలేదు.